మా చర్చికి వచ్చిన పదకొండు మంది కొత్తవాళ్లు

కొత్త చర్చి పెట్టబోయేవాళ్లకు నాదొక సలహా. "మొదట్లో పెద్దగా ఆశలు పెట్టుకోకండి" అని అందరూ చెబుతారు. ఆ మాట పొరపాటున కూడా వినకండి. ఆశించండి! ఆకాశమంత ఆశించండి!

అనుభవంతో చెబుతున్నాను. మా కాన్సస్ ఊళ్లో స్కూలు భోజనాల హాలు అద్దెకు తీసుకుని మేం మొదలుపెట్టిన చర్చిలో పార్కింగ్ మొత్తానికి నేనే అధిపతిని. ఒంటి మీద నారింజ రంగు కోటు, చేతిలో వెలిగే కర్ర, మెడలో విజిల్. ఆదివారం పొద్దున నా ఆజ్ఞ లేనిదే ఒక్క చక్రం కదలదు. కదలడానికి ఉన్నవి ఆరు కార్లే అనుకోండి.

మా పాస్టర్ కోల్బీకి ఇరవై తొమ్మిదేళ్లు. మొదటి ఆదివారమే మూడొందల మంది వస్తారని ఆయన లెక్క. మూడొందల కుర్చీలు వేశాం, మూడొందల డోనట్లు తెప్పించాం. కొత్తగా వచ్చినవాళ్లకు ఇవ్వడానికి చర్చి పేరు అచ్చువేసిన కాఫీ మగ్గులు మూడొందలు. జనంలో తప్పిపోయే పిల్లల కోసం విడిగా ఒక బల్ల, దాని వెనక ఒక ఆవిడ.

వచ్చారండీ! హాలు నిండిపోయింది! సామానంతా ఇచ్చి, కొత్త చర్చి పెట్టమని మమ్మల్ని పంపిన పెద్ద చర్చివాళ్లు, మొదటి రోజు వెలితిగా ఉండకూడదని బస్సుల్లో వచ్చి, పాడి, చప్పట్లు కొట్టి, డోనట్లన్నీ తిని వెళ్లిపోయారు. రెండో ఆదివారానికి పదిహేడు మంది మిగిలాం. పాస్టర్‌గారి భార్య కడుపులో ఉన్న బిడ్డతో కలిపి.

ఇది కష్టమా? వరం కాదూ? మనిషికో కుర్చీ, ఆయన కోటుకో కుర్చీ, బైబిలుకో కుర్చీ, పొద్దున్నే పోట్లాడుకుని వచ్చిన భార్యాభర్తల మధ్య నాలుగు కుర్చీలు. ఏ పెద్ద చర్చిలో ఉంది ఈ సౌఖ్యం? తప్పిపోయే పిల్లల బల్ల దగ్గర ఆవిడ ఇప్పటికి రెండు స్వెట్టర్లు అల్లేసింది.

ఇక అసలు వరం మూడో వారం వచ్చింది. గళ్ల చొక్కా వేసుకుని, పాత పికప్ ట్రక్కులో, ఒక ముసలాయన! ఆ రోజు నేను కర్ర ఊపిన తీరు చూస్తే విమానాన్ని దించుతున్నాననుకుంటారు. ఆయన బండి దిగి కుర్చీ చేరేలోపు ఐదుగురు చేయి కలిపారు. మా అందరి చొక్కాల మీదా మా పేర్ల స్టిక్కర్లుంటాయి. ఆయనకు "అతిథి" అని అతికించి, చేతిలో మగ్గు పెట్టాం.

తర్వాతి వారం మళ్లీ ఆయనే వచ్చాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. వారం వారం పెద్ద చర్చికి రిపోర్టు పంపాలి. అందులో "కొత్తవాళ్లు ఎంతమంది?" అని ఒక గడి ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటూ పోతే కుర్చీలు, మైకులు, అవి మోసే ట్రైలరు అన్నీ వెనక్కి తీసుకుని మా చర్చి మూసేస్తారు.

"డ్వెయిన్‌గారూ, ఈయన పోయిన వారం కూడా వచ్చారు కదా. కొత్త అని రాయొచ్చంటారా?" అన్నాడు కోల్బీ పెన్ను కొరుకుతూ.

"చొక్కా కొత్తదే కదండీ," అన్నాను.

రాసేశాడు. మళ్లీ స్టిక్కరు, మళ్లీ మగ్గు. అలా పదకొండు వారాల్లో పదకొండు మంది కొత్తవాళ్లు! మమ్మల్ని మెచ్చుకుంటూ పెద్ద చర్చి నుంచి ఉత్తరం కూడా వచ్చింది. ఒకే ఒక్క ముసలాయనతో ఇంత అభివృద్ధి సాధించిన చర్చి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి!

ఆ తర్వాతి వారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. కోల్బీ మొహంలో కళ తప్పింది. వెళ్లి చూసి రమ్మని నన్నే పంపాడు.

ఇల్లు వెతుక్కోనక్కర్లేదు. రిటైరయ్యేదాకా ముప్పై ఏళ్లు ఆ వీధిలో ఉత్తరాలు పంచింది నేనే. ఆయన పేరు వెర్ల్ హస్టెడ్ అని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. స్టిక్కరు మీద రాయాలని తోచలేదు, అంతే.

వంటింటి అలమరలో పదకొండు మగ్గులు వరసగా పెట్టి ఉన్నాయి.

"కాఫీ తాగుతావా అబ్బాయ్? మగ్గులకి కరువు లేదు," అన్నాడు.

"మరి రావడం మానేశారేం పెద్దాయనా? ఒంట్లో బాలేదా?"

"నాకేం, రాయిలా ఉన్నా. మా ఆవిడ పోయాక ఆదివారం పూట ఈ ఇంట్లో కూర్చోలేక వచ్చేవాణ్ణి. ప్రార్థన అయ్యాక మీరంతా కబుర్లు చెప్పుకుంటూ కుర్చీలు మడిచి ట్రైలర్లో పెడతారా? నేనొకటి పట్టుకుంటే చాలు, 'అయ్యో, మీరు అతిథి, కూర్చోండి' అని లాక్కుంటారు. పదకొండు వారాలు చూశా. ఇంకెన్ని మగ్గులు తీసుకుంటే నన్నో కుర్చీ మడవనిస్తారు?"

సిగ్గుతో చచ్చిపోయాను. కాఫీ ఎలా తాగానో, ఎలా బయటపడ్డానో నాకే తెలియదు.

తర్వాతి ఆదివారం ఆయన్ను వెంటబెట్టుకొచ్చి, స్టిక్కరు మీద "వెర్ల్" అని నేనే రాసి అతికించాను. నా కోటు, కర్ర, విజిల్ కూడా ఆయనకే ఇచ్చేశాను. ప్రార్థన అయ్యాక నలభై కుర్చీలు మడిచాడు. ఒక్కరం కూడా వద్దనలేదు. కోల్బీ రిపోర్టు ముందు పెట్టుకుని, కొత్తవాళ్ల గడిలో సున్నా వేశాడు.

కాబట్టి పెద్ద చర్చివాళ్లు ట్రైలరు కోసం ఏ ఆదివారమైనా రావచ్చు. వస్తే బండి ఎక్కడ పెట్టాలో వెర్ల్ చూపిస్తాడు.