క్విస్ట్ గారి బోర్డు దొంగ

మంగళవారం పొద్దున ఆర్లెన్ క్విస్ట్ పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కాఫీ తాగడం, ఇంటి ముందు పాతిన బోర్డును చూసుకుని కాసేపు మురిసిపోవడం, ఊరి సభలో తాను మాట్లాడబోయే మూడు నిమిషాల ప్రసంగాన్ని భార్య డోరిన్‌కు మరోసారి అప్పజెప్పడం. కాఫీ అనుకున్నట్టే జరిగింది. బోర్డు మాత్రం లేదు.

‘నా మీద నిఘా వద్దు’ అని రాసి ఉన్న ఆ బోర్డు పోవడం ఇది మూడోసారి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో నాలుగు కూడళ్ల దగ్గర కెమెరాలు పెట్టి, వచ్చేపోయే ప్రతి కారు నంబరూ దాచి ఉంచాలని పోలీసులు పట్టుబడుతున్నారు. వచ్చే వారం గురువారం ఓటింగు. ఊరి సభలోని అయిదుగురు సభ్యుల్లో ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. అయిదో మనిషి ఎదురింటి రోండా పావ్‌లక్. ఆవిడ ఇంతవరకు నోరు విప్పలేదు.

చీజ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైన ఆర్లెన్‌కు, నోరు విప్పని మనిషంటేనే అనుమానం.

"మూడు బోర్డులూ మంగళవారమే పోయాయి. మంగళవారం తెల్లారకముందే బయటికొచ్చేది ఎవరు? రోండా," అన్నాడు.

"చెత్త డబ్బా పెట్టడానికి. చెత్త బండి వీధి మొత్తానికీ మంగళవారమే వస్తుంది," అంది డోరిన్.

"చూశావా, సాకు కూడా సిద్ధంగా ఉంది."

చొక్కా జేబులోంచి రాజ్యాంగం చిన్న పుస్తకం తీసి, మాట్లాడే స్వేచ్ఛనిచ్చే మొదటి సవరణ పేజీని వేలితో తట్టి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తరువాత గరాజులోకి వెళ్లి, జింకల వేటకు వాడే కెమెరా తెచ్చి ఇంటి ముందున్న మేపుల్ చెట్టుకు కట్టాడు. కొత్త బోర్డు చెట్టుకు ఎడమవైపు పాతాడు. కెమెరాను మాత్రం నేరుగా రోండా గుమ్మం మీదికి తిప్పాడు. దొంగ ఎవరో తెలిశాక బోర్డును చూస్తూ కూర్చోవడం దండగని అతని లెక్క.

మర్నాడు రోండా రోడ్డు దాటి వచ్చింది. ప్రతి వసంతంలోనూ రూబార్బ్ పై అనే తీపి వంటకం పట్టుకొచ్చే చేతులు ఈసారి నడుం మీద ఉన్నాయి.

"ఆ చెట్టు నా గుమ్మం వైపే చూస్తోందేంటి ఆర్లెన్?"

"పావ్‌లక్ గారూ, తప్పు చేయనివాళ్లకి భయమెందుకు?"

"ఆ మాట పోలీసులంటే నువ్వు పుస్తకం తీస్తావుగా. ఊరికే సోదా చేయకూడదన్న నాలుగో సవరణ ఏమైంది?"

"అది ప్రభుత్వాన్ని ఆపడానికి. ఇరుగుపొరుగుని కాదు."

"నేను ఊరి సభ్యురాలిని. అంటే ప్రభుత్వాన్నే."

"అయితే మరీ మంచిది. ప్రభుత్వం మీద ఓ కన్నేసి ఉంచడం పౌరుడి హక్కు."

రోండా ఇంటికి వెళ్లి, సాయంత్రానికల్లా తన తలుపుకు కెమెరా బిగించింది. అది ఆర్లెన్ మేపుల్ చెట్టుతో పాటు పక్కింటివాళ్ల పెరటిని కూడా చూస్తోంది. పక్కింటాయనకు ఒళ్లు మండి తనూ ఒకటి పెట్టాడు. ఊళ్లో ప్రతి శుక్రవారం జరిగే చేపల వేపుడు విందు దగ్గర ఆ సంగతి తప్ప మరో మాట లేదు. ఆదివారానికి వీధిలో కెమెరాలు పంతొమ్మిదయ్యాయి. ప్రతిదీ ఎదుటివాడి కెమెరానే చూస్తోంది. రోడ్డును చూస్తున్నది ఒక్కటీ లేదు.

మంగళవారం నాలుగో బోర్డూ పోయింది. ఆర్లెన్ కెమెరాలో దొరికిందల్లా, స్నానపు గౌనులో చెత్త డబ్బా ఈడ్చుకుంటూ వచ్చి చెట్టు వైపు తిరిగి వెక్కిరించిన రోండా. ఆర్లెన్ నేరుగా ఊరి ఆఫీసుకు వెళ్లి, తన బోర్డుల గురించి ఉన్న ప్రతి కాగితమూ చూపాలని అర్జీ పెట్టాడు. జవాబు అందరి ముందూ చదవాలని కూడా రాశాడు.

గురువారం సభ కిటకిటలాడింది. గుమస్తా బెర్నిస్ టోల్ కళ్లజోడు సర్దుకుని కాగితం అందుకుంది.

"బోర్డులు తీసింది ప్రతి మంగళవారం తిరిగే మన రోడ్ల శాఖ బండి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య గడ్డి ఊరిది, అక్కడ బోర్డులు పాతకూడదు. అయినా ఎవరైనా ఫిర్యాదు చేస్తేనే తీస్తారు."

"ఆ ఫిర్యాదు చేసిందెవరో చదవండి," అంటూ ఆర్లెన్ రోండా వైపు వేలు చాపాడు.

"ఆర్లెన్ క్విస్ట్. పదకొండేళ్ల కిందట. మీ వీధి గడ్డిలో పావ్‌లక్ గారు పెట్టిన పాత సామాన్ల అమ్మకం బోర్డు మీద. ఎన్నాళ్లు అమలు చేయాలి అన్న చోట ‘శాశ్వతంగా’ అని రాసి, కింద రెండు గీతలు గీశారు."

చాపిన వేలును ఎక్కడ దాచుకోవాలో ఆర్లెన్‌కు తోచలేదు. మైకు ముందు అతనికి ఇంకా మూడు నిమిషాలున్నాయి. జేబులోని పుస్తకాన్ని తడిమాడు గానీ తీయలేదు. ఇరవై ఏళ్ల పొరుగును, ఆ ఒక్క ఓటునూ చేతులారా పోగొట్టుకున్నానని అతనికి అర్థమైంది.

"రోండా, తప్పంతా నాదే. క్షమించు," అని కూర్చున్నాడు. అందుకు పది సెకన్లు పట్టింది.

రోండా మైకు దగ్గరికి జరిగింది.

"నిజం చెప్పాలంటే, పోలీసుల కెమెరాలకి సరేనందామనే అనుకున్నాను. తప్పు చేయనివాళ్లకి భయమెందుకని నేనూ అనుకునేదాన్నే. ఈ వారం రోజులు చెత్త పారేయడానికి కూడా తల దువ్వుకుని రావాల్సి వచ్చింది. ఆ బతుకు ఊరందరికీ వద్దు. నా ఓటు వ్యతిరేకం."

మూడు ఓట్లు వద్దని, రెండు కావాలని. ఆర్లెన్ గెలిచాడు. బయటికొచ్చాక రోండాను పలకరించాడు.

"ఇంక ఆ కెమెరా తీసెయ్యి రోండా."

"ముందు నీది తియ్యి."

"నేను తీశాక నువ్వు తీస్తావని నమ్మకమేంటి?"

మర్నాడు ఆర్లెన్ కొత్త బోర్డును రెండడుగులు లోపలికి, తన సొంత గడ్డిలో పాతాడు. ‘నా మీద నిఘా వద్దు’ అన్న ఆ బోర్డుకు ఇప్పుడు పంతొమ్మిది కెమెరాలు కాపలా కాస్తున్నాయి.