తిన్నాక లేవని మర్యాద

ఆ గొడవంతా ఒక మాడిన గిన్నె గురించి.

మా ఇంట్లో వంట నాది, గిన్నెలు తోమడం మావారి వంతు. ఆ రోజు ఆయన చెయ్యి కడుక్కుని, తిరిగొచ్చి మళ్ళీ కుర్చీలో దర్జాగా కూర్చున్నారు.

"ఏమండీ, గిన్నె మీకోసం ఎదురుచూస్తోంది."

"తిన్న వెంటనే లేవడం అమర్యాదోయ్! స్పానిష్ మాట్లాడే దేశాల్లో భోజనమయ్యాక అందరూ బల్ల దగ్గరే కూర్చుని తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటారు. దాన్ని సోబ్రెమేసా అంటారు."

"మరి వాళ్ళ గిన్నెలెవరు తోముతారు?"

"అది సిలబస్‌లో లేదు."

మావారు సాయంత్రాలు పెద్దవాళ్ళకు స్పానిష్ నేర్పుతారు. పాఠాల్లోంచి తనకు పనికొచ్చేదాన్ని ఏరుకోవడంలో ఘటికుడు.

మా అత్తగారికి ఆ పద్ధతి తెగ నచ్చేసింది. "ఎంత మంచివాళ్ళే! మనింట్లో తినగానే ఎవరి ఫోన్లో వాళ్ళు దూరిపోతారు. నాతో మాట్లాడేది గోడ గడియారం ఒక్కటే" అన్నారు. ఆవిడ ముఖం చూసి నేనే గిన్నె తోమాను. మర్నాడూ తోమాను. ఆ మర్నాడు కూడా.

ఇలా ఉండగా ఓ సాయంత్రం ఆయన వాడిపోయి ఇంటికొచ్చారు.

"నా క్లాసు ఎత్తేస్తారట. హెడ్ మేడం వచ్చి కూర్చుంటే ఒక్కరూ నోరు విప్పలేదు."

ఎందుకు విప్పరో నాకు తెలుసు. ఓసారి గొడుగు ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడి చూశాను. ఎవరైనా సగం మాట అంటే చాలు, ఈయన చూపుడువేలు పైకి లేస్తుంది. "ఆగండి!" అని సవరిస్తారు. వాళ్ళు ఆయనకు పెట్టిన పేరే ఆగండి మాస్టారు.

"ఓ ఉపాయం ఉందోయ్. ఆదివారం మేడంతో సహా అందర్నీ భోజనానికి పిలుద్దాం. సోబ్రెమేసాలో నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి."

"వంటెవరు?"

"నీ చేతి వంట తింటే మూగవాడైనా మాట్లాడతాడు!"

"గిన్నెలు?"

"అతిథులుండగా నేను లేస్తే ఏం బావుంటుంది?"

ఆదివారం మేడంతో పాటు ఆయన విద్యార్థులు, అంటే ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, రిటైరైన టాక్సీ డ్రైవరు, దర్జీ అక్క వచ్చారు. దర్జీ అక్క కోడలి తల్లికి స్పానిష్ తప్ప మరో భాష రాదు. వచ్చే వారమే ఆవిడ వీళ్ళింటికి వస్తోంది. "వియ్యపురాలితో పోట్లాడాలన్నా భాష రావాలి కదమ్మా" అని ఈ వయసులో చేరింది. క్లాసు పోతే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే.

భోజనమైంది. డ్రైవరు గొంతు సవరించుకుని ఏదో అన్నాడు. వేలు లేచింది. "ఆగండి!" నర్సమ్మ మొదలుపెట్టింది. వేలు మళ్ళీ లేచింది. దర్జీ అక్క ఖాళీ గ్లాసులో నీళ్ళు తాగడం మొదలుపెట్టింది. మేడం వాచీ చూసుకుంది. మావారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకు జాలేసింది.

"ఏమండీ, గిన్నెలు."

"ఇప్పుడా? సోబ్రెమేసా కదా!"

"వాళ్ళు అతిథులురా, నువ్వు ఇంటివాడివి. లే!" అన్నారు అత్తగారు.

ఆయన కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళారు. వంటింట్లో పంపు చప్పుడు వినబడగానే దర్జీ అక్క గ్లాసు దించింది. డ్రైవరు నెత్తిన తువ్వాలు కప్పుకుని వియ్యపురాలైపోయాడు. దర్జీ అక్క స్పానిష్‌లో కుశలమడిగింది. డ్రైవరు మూతి తిప్పుతూ జవాబిచ్చాడు. మాటా మాటా పెరిగింది. నర్సమ్మ మధ్యలో దూరి ఇద్దరి నాడీ పట్టుకుని, ఎక్కడ నొప్పి అని అడిగింది. అర్థం ఆవిడే పొట్ట పట్టుకుని చూపించింది లెండి. మేడం పగలబడి నవ్వింది. ఒక్క ముక్క అర్థంకాని మా అత్తగారు అందరికంటే ఎక్కువ నవ్వారు.

ఆ నవ్వులకు మావారు సబ్బు నురగ కారుతున్న వేలు ఎత్తుకుని పరిగెత్తుకొచ్చారు. "ఆగం..." ఆ చేతిలో మాడిన గిన్నె పెట్టాను. ఆయన గుమ్మంలోనే ఆగిపోయి విన్నారు. వేలు మెల్లగా ముడుచుకుంది.

"దర్జీ అక్క మాట్లాడుతోందోయ్!" అన్నారు.

"అవును. మీరు లేరుగా."

నేను పళ్ళు కోసి బల్ల మీద పెడుతుండగా మేడం ప్రకటించింది. "క్లాసు ఎత్తెయ్యను. కానీ ఆదివారం క్లాసు ఇకనుంచి ఈ బల్ల దగ్గరే. తలా ఒక వంటకం తెచ్చుకుందాం."

"నాకూ ఒక కుర్చీ ఉంచండమ్మా" అన్నారు అత్తగారు.

మావారు గిన్నె చంకలో పెట్టుకుని నిలబడ్డారు. "మరి... ఇన్ని గిన్నెలూ ఎవరు తోముతారు?"

"అది ఇవాళే సిలబస్‌లో చేర్చామండీ" అన్నాను.