ఎగిరిపోయిన పిస్తా

పూతరేకుల కొట్టుకు ఎదురుగా ఫ్లడ్‌లైటు లేనివాడు దురదృష్టవంతుడు!

ఆత్రేయపురంలో మా కొట్టు ముందు పంచాయతీవారు వేసిన లైటును చూసి అందరూ జాలిపడుతున్నారు. ఎందుకండీ జాలి? నాకు ఊరికే ఒక ల్యాబు కట్టించి ఇచ్చారు!

ఆ సంగతి మా మేనకోడలు తేజస్వి చెబితేగానీ తెలియలేదు. రాజమండ్రిలో ఫిజిక్స్ చదువుతోంది. "నానో కణమంటే కంటికి ఆననంత నలుసు మావయ్యా. దాన్ని లేజర్ వెలుతురుతో నెట్టుకెళ్లి, గాజుపలక మీద అనుకున్న చోటే అతికిస్తారు" అంది.

"ఓస్, ఇంతేనా! మా కొట్లో రోజూ సాయంత్రం జరిగేది అదే కదే!"

కాదంటారా? వరిచేలల్లోని పచ్చదోమంతా, ఆ నలుసంత ఆకుపచ్చ పురుగంతా, దీపాలవేళకు ఎక్కడికొస్తుంది? మా లైటు దగ్గరికి. ఎక్కడ దిగుతుంది? మా ఆవిడ బుజ్జమ్మ కుండ మీంచి తీసి, నెయ్యి రాసిన రేకు మీద. వీధంతా ఖాళీగా ఉన్నా సరిగ్గా అక్కడే! ఇంత గురి ఏ లేజరుకుందండీ?

దోమతెర కట్టి చూశాను. జల్లెడ పట్టినట్టు సన్నరకం మాత్రం లోపలికొచ్చింది. గ్రేడింగు కూడా ఉచితం!

"పిస్తా కూడా వేస్తున్నారాండి!" అని మెచ్చుకున్నవాళ్లున్నారు. అబద్ధమాడటం నాకు చేతకాదు. అందుకని ఏమీ మాట్లాడలేదు.

మొన్న యుగంధర్ గారు కూతురి పెళ్లికి సరుకు చూసుకోవడానికొచ్చారు. ఒక రేకును వెలుతురులోకి ఎత్తి, "పిస్తా భలే సన్నగా తరిగారండీ" అంటూ నోటిదాకా తెచ్చి ఆగిపోయారు.

"ఏవండోయ్! పిస్తా ఎగిరిందండీ!"

ల్యాబుల్లో కూడా ఒకటీ అరా సరిగా అతకవట. మాకు అతకనిది ఆ ఒక్కటే. దాంతోపాటే పెళ్లి ఆర్డరూ ఎగిరింది.

"మీ ల్యాబు తగలెయ్య! ముందా లైటు మొహం పక్కకు తిప్పించండి" అంది బుజ్జమ్మ.

పంచాయతీ ఆఫీసుకు వెళ్లాను. కార్యదర్శి జోగేశ్వరరావు గారు మర్యాదస్తులు, కుర్చీ వేయించారు. జానెడు తిప్పితే చాలన్నాను.

"తిప్పితే మీ కొట్టు మీదున్న ఫ్లెక్సీ చీకటైపోతుంది కదండీ! నాయకుడు గారి నవ్వులో పళ్లన్నీ కనబడాలని పైవాళ్ల మాట" అన్నారు.

శాస్త్రవేత్తలకు ఒక మనవి. వెలుతురుతో నలుసును జరిపారు, సంతోషం. ఆ వెలుతురునే జానెడు జరిపే మిషనేదైనా కనిపెట్టండి. మా కొట్టు తరఫున పెట్టెడు పూతరేకులు పంపుతాను.

పిస్తా లేనివే!