సగం దిగిన షట్టరు

పొద్దున దుకాణం తీసి, పదింటికల్లా కట్టేసి, మనవరాలు అమూల్యను సినిమాకు తీసుకుపోవాలని పెద్దసుబ్బయ్య అనుకున్నాడు. రోజూ సాయంత్రం టీవీలో వచ్చే పిల్లల బొమ్మల కథ ‘తంబు తాబేలు’ ఇప్పుడు సినిమాగా వచ్చింది. ఆ తాబేలును అమూల్య, వాళ్ల అవ్వ సుబ్బరత్నమ్మ ఒకే దుప్పటి కప్పుకుని చూసేవాళ్లు. సినిమాగా వస్తే తీసుకుపోతానని అవ్వ మాటిచ్చింది. నిరుడు ఆమె పోయింది. మాట మిగిలింది. సినిమాకు ఈ రోజే ఆఖరు.

మైదుకూరు బజారులో ఒక పద్ధతి ఉంది. పనిరోజున ఎవరైనా షట్టరు సగం దించారంటే తెలిసినవాళ్లలో ఎవరో పోయినట్టు. మర్యాదకు మిగతా దుకాణాలవాళ్లూ దించుతారు. పట్టపగలు పూర్తిగా మూస్తే లక్ష్మి అలుగుతుందని సుబ్బయ్య సగమే దించాడు. తాబేలు సినిమాకని ఎవరికైనా తెలుస్తుందేమోనన్న సిగ్గులో, పద్ధతి సంగతే మరిచిపోయాడు.

ఎదురుగా బట్టల కొట్టు ఓబుళేశు చూశాడు. సుబ్బయ్యది ఉతికిన తెల్ల పంచె. వంచిన తల.

“ఏమైందన్నా? యాడికి పోతాండావు?”

“వచ్చి చెప్తాలే,” అంటూ సుబ్బయ్య మనవరాలితో ఆటో ఎక్కేశాడు.

ఓబుళేశు తన షట్టరు దించాడు. అది చూసి పాత్రల కొట్టు, దాన్ని చూసి ఎరువుల కొట్టు. కాసేపటికి బజారంతా సగం కన్ను మూసింది.

“ఎవరప్పా పోయింది?”

“మన వర్తక సంఘం పెద్దాయన రాఘవేంద్రప్రసాద్‌కు శానా దగ్గుగా ఉండాది.”

గులాబీల మాల పట్టుకుని అందరూ ఆయన ఇంటికి పోయారు. రాఘవేంద్రప్రసాద్ వరండాలో కూర్చుని ఉగ్గాని తింటున్నాడు.

“ఎవురికప్పా ఆ మాల?”

మాల చేతులు మారుతూ గుంపు వెనక్కి పోయింది.

“సుబ్బయ్యన్న షట్టరు దించినాడు,” అన్నాడు ఓబుళేశు చివరికి.

“మరి ఈడ నిలబడితే ఎట్లా? పదండి!”

ఆ ఆటోవాణ్ని పట్టుకుని అడిగితే, సినిమా హాలు దగ్గర దించానన్నాడు.

“హాలు వెనక సందులో బంధువులుంటారు,” అని ఎరువుల కొట్టాయన తేల్చేశాడు.

హాలు దగ్గర సుబ్బయ్య కష్టం వేరు.

“పదిమందన్నా లేకుంటే ఆట వేయం పెద్దాయనా,” అంటున్నాడు మేనేజరు ఏసేపు.

“మూడు టికెట్లు తీసుకుంటాండా కదా?”

“మీరుండేది ఇద్దరే.”

“మూడోది అవ్వకు,” అంది అమూల్య.

ఏసేపు తల గోక్కున్నాడు. “అవ్వను లెక్కేసినా ఏడుగురు తక్కువ పాపా.”

సరిగ్గా అప్పుడే బజారంతా హాలు గేటు దాటి లోపలికొచ్చింది. ముందు మాల, వెనక మనుషులు.

“ఎవరు పోయిందన్నా?” అన్నాడు ఓబుళేశు, గొంతు తగ్గించి.

సుబ్బయ్య గోడమీది పోస్టరు చూపించాడు. “ఎవరూ పోలేదప్పా. ఆ తాబేలును చూసేదానికి వచ్చినాం.”

రాఘవేంద్రప్రసాద్ దగ్గాడు.

“అయితే ఇది నాకు కొన్న మాలన్నమాట!” మాల లాక్కుని పోస్టరులోని తాబేలుకు వేశాడు. “చావుకని దించిన షట్టర్లు మధ్యాన్నం దాకా ఎత్తకూడదు. అంతసేపు ఎండలో ఏం చేస్తారు? టికెట్లు తీయండప్పా!”

తాబేలు ఏరు దాటేచోట ఎరువుల కొట్టాయన ఈల వేశాడు. ఆలస్యంగా లోపలికొచ్చిన ఓబుళేశు కూర్చోబోతే, అమూల్య కుర్చీకి చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈడ అవ్వ ఉండాది మామా.”

ఓబుళేశు పక్క కుర్చీకి జరిగాడు. సుబ్బయ్య తెర మీదినుంచి చూపు తిప్పలేదు.

అప్పటినుంచి మైదుకూరు బజారులో ఎవరి షట్టరు సగం దిగినా, మాల కొనేముందు ఏ సినిమాకని అడుగుతున్నారు.