రాజుగారు బురదలో పడే లెక్క

ఒక పెద్ద అడవిలో, కిందటి భాద్రపద బహుళ తదియ నాడు, ఏడో తరగతికి లెక్కలు చెప్పే ముళ్ళపంది మాణిక్యాంబకు అన్యాయం జరిగింది. పందొమ్మిదేళ్ళుగా సుద్దముక్క అరగదీసిన పంతులమ్మను ఒక్క కాగితంతో సస్పెండు చేసి ఇంట్లో కూర్చోబెట్టారు. నేరమేమిటయ్యా అంటే, క్లాసులో నలభై మందికీ లెక్కల పరీక్షలో సున్నా.

ఆ కాగితం మీద సంతకం విద్యాధికారి నక్క నరహరిరావుది. వేసవి సెలవులు అవగానే పిల్లలకు తలా ఒక ట్యాబు పంచి, అందులో లెక్కల ఆట పెట్టించింది ఆయనే. ఇక పాఠమూ అందులోనే, పరీక్షా అందులోనే. ఆయనకు ఏడో ఎక్కం దాటి రాదని అడవంతా తెలుసు, ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళకు తప్ప.

ఆట సంగతి ఇది. తెర మీద ఓ లెక్క, కింద నాలుగు జవాబులు. ఒప్పు నొక్కితే మృగరాజు గారి మెడలో దండ పడుతుంది. తప్పు నొక్కితే ఆయన గద్దె మీంచి జారి, నాలుగు కాళ్ళూ పైకెత్తి, బుడుంగుమని బురదగుంటలో పడతారు. పిల్లలు రాజభక్తి కొద్దీ ఒప్పులే నొక్కుతారని నరహరిరావు నమ్మకం. పిల్లల మొహం ఎప్పుడన్నా చూసినవాడైతే గదా.

మాణిక్యాంబ ఏడుస్తూ కూర్చునే రకం కాదు. మార్కుల పట్టీ ముందేసుకుంది. నలభై మంది, తలా వంద లెక్కలు. పొరపాటున కూడా ఒక్కటీ ఒప్పు పడలేదు. అక్కడ ఆవిడ ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. క్లాసులో మొద్దని పేరు పడ్డ ముంగిస పిల్ల గవరమ్మను పిలిచి, ఏమిటే ఈ భాగోతమని నిలదీసింది.

"ఒప్పు నొక్కితే ఏముంది టీచర్, ఎప్పుడూ అదే దండ" అంది గవరమ్మ. "మొదట్లో తెలీక ఒప్పు నొక్కేస్తే అందరూ నన్ను తిట్టేవాళ్ళు, బురద పోగొట్టావని. అందుకే కూర్చుని భిన్నాలన్నీ నేర్చేసుకున్నా. ఇప్పుడు ఒప్పేదో ముందే తెలిసిపోతుంది, దాని జోలికి పోను."

"మూడు బై నాలుగులోంచి రెండు బై అయిదు తీసెయ్యి."

"ఏడు బై ఇరవై. అది నొక్కకూడదు."

పందొమ్మిదేళ్ళు బెదిరించినా బతిమాలినా ఎక్కని భిన్నాలు రాజుగారి వీపుకి అంటిన బురదతో ఎక్కాయి. మాణిక్యాంబ గవరమ్మను వెంటబెట్టుకుని సభకు నడిచింది.

"గుడ్డిగా నొక్కినా నాలుగింట ఒకటి ఒప్పు పడాలి ప్రభూ" అంది. "వందకి వంద తప్పాయంటే వందకి వందా వచ్చనే అర్థం. నా పిల్లలకు లెక్కలొచ్చు. నా ఉద్యోగం నాకు ఇప్పించండి."

నరహరిరావు వేళ్ళు మడిచి లెక్కవేయబోయి మధ్యలో మానుకున్నాడు. మృగరాజు ఆట చూపించమన్నాడు. గవరమ్మ నొక్కింది. బుడుంగు. వెనక వరసలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

మృగరాజు భిన్నాల ఊసెత్తలేదు. "దీన్ని ఎంతమంది చూశారు?" అని మాత్రం అడిగాడు.

తెల్లారేసరికి ఆటలోంచి బురదగుంట తీసేశారు. ఒప్పు నొక్కినా దండే, తప్పు నొక్కినా దండే. పిల్లలకు విసుగెత్తి, కళ్ళు మూసుకుని నొక్కిపారేసి ఆడుకోవడానికి పోయేవాళ్ళు. మరుసటి పరీక్షలో క్లాసు సగటు నూటికి ఇరవై అయిదు.

సున్నా నుంచి ఇరవై అయిదు. ఇంత ఎదుగుదల అడవి చరిత్రలో లేదని నరహరిరావుకు శాలువా కప్పారు. మాణిక్యాంబ అర్జీకి జవాబు కూడా వచ్చింది. ఆవిడ వెళ్ళాకే మార్కులు పెరిగాయి గనుక, పిల్లల మేలు కోరి, ఇక ఎప్పటికీ రానక్కర్లేదని.

ఆవిడ ఆ కాగితం తిరగేసి, వెనక రాసింది: "పిల్లలకు లెక్కలు రాకపోయినా అడవి నడుస్తుంది, రాజుకి బురద అంటితేనే నడవదు." కింద తేదీ వేసింది: మార్గశిర శుద్ధ దశమి.