రింకులో ఎర్ర బొడిపె

"నేరం ఎక్కడ దాక్కున్నా సరే విల్మా, నా ముక్కు నాకన్నా ముందు అక్కడికి చేరుకుంటుంది" అన్నాడు ఓరెస్ట్ హ్నాటిక్, వేడి చాక్లెట్ నురగలోంచి ముక్కు పైకి తీస్తూ.

విల్మా ఫ్రీసెన్ ఒక కాగితపు రుమాలు అతని ముందుకు తోసింది. పోప్లర్ బెండ్ ఊళ్లో మంచు మీద హాకీ ఆడే రింకులో ఫలహారాల కొట్టు ఆమెది. ఓరెస్ట్ బడి బస్సు నడిపి రిటైరయ్యాడు. బస్సులో ఎవరి సాండ్‌విచ్ ఎవరు తిన్నారో ఒకసారి పట్టేశాడు. ఆనాటి నుంచీ ఊరికి అతను బస్సు డ్రైవరే, తనకి మాత్రం తాను డిటెక్టివ్.

"నా చేతిలో పడ్డ కేసు ఏదీ తప్పించుకోలేదు. ఒక్కటి తప్ప."

"టోపీ కేసు" అంది విల్మా, బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా మడిచిన పిరొగీలు వేయిస్తూ. ఈ కథ ఆమెకి నిద్రలో లేపి అడిగినా వచ్చు.

వాళ్లిద్దరూ కుర్రతనంలో ఉన్నప్పుడు ఇదే రింకులో కప్పు కోసం ఆఖరి ఆట జరిగింది. గోర్డ్ మక్‌ఫెయిల్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒకే ఆటలో ఒకడు మూడు కొడితే జనం టోపీలు తీసి మంచు మీదికి విసురుతారు. అదే మర్యాద. ఆ రోజు గోల్ కన్నా గోల ఎక్కువైంది. ఆట అయ్యాక టోపీలన్నీ కుప్ప పోశారు, ఎవరిది వాళ్లు ఏరుకున్నారు. ఓరెస్ట్ టోపీ ఒక్కటే కనపడలేదు.

"కప్పూ అతనే పట్టుకెళ్లాడు, నా టోపీ కూడా అతనే పట్టుకెళ్లాడు" అంటాడు ఓరెస్ట్. అప్పట్నుంచీ గోర్డ్‌తో మాటల్లేవు. ఆ గోర్డే ఇప్పుడు రింకులో మంచు గడ్డకట్టించే పని చూస్తున్నాడు. ఇద్దరూ ఏం చెప్పుకున్నా విల్మా మీదుగానే.

అంతలో గోర్డే తలుపు తోసుకుని వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"విల్మా, మళ్లీ లేచింది."

విల్మా చేతిలో గరిటె ఆగిపోయింది. వారం రోజులుగా పైనుంచి చుక్కలు పడి గడ్డకట్టి, రింకు సరిగ్గా నడిమధ్యలో మంచు మీద ఒక బొడిపె లేస్తోంది. గోర్డ్ గీకేస్తాడు, తెల్లారేసరికి మళ్లీ లేస్తుంది. ఎర్రగా. ఎర్రనీళ్లంటే పైన రేకులు తుప్పు పట్టినట్టే. కప్పు పుచ్చిందని తేలితే రింకుకి తాళం వేస్తారు. తనిఖీ చేసే మనిషి రావడం ఇవాళే.

విల్మా పెళ్లి డాన్సు ఈ రింకులోనే జరిగింది, మంచు మీద చెక్కలు పరిచి. భర్త ఎర్నీని కాటికి సాగనంపాక భోజనాలు పెట్టిందీ ఇక్కడే. రెండింటికీ వండింది తనే. వరదొచ్చిన ఏడు సగం ఊరు ఆట చూసేవాళ్లు కూర్చునే ఈ మెట్ల మీదే పడుకుంది. వేసవిలో పశువుల సంత, ఆకురాలే కాలంలో కోడికూర విందు, చలికాలమంతా హాకీ. ఇది మూతపడితే ఆర్నెల్ల మంచులో ఊరివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునే చోటే ఉండదు.

ముగ్గురూ బొడిపె దగ్గరికి నడిచారు. ఓరెస్ట్ మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తాకి, వాసన చూసి, కళ్లు మూసుకున్నాడు.

"విల్మా, అతనికి చెప్పు. ఇది తుప్పు కాదు. రక్తం."

"విల్మా, అతనికి చెప్పు. మతి పోయిందని."

"పైన దూలాల్లో శవం ఉంది" అన్నాడు ఓరెస్ట్.

"ఎవరిదయ్యా? ఊళ్లో ఒక్కరూ తప్పిపోలేదు" అంది విల్మా.

"అదే నా అనుమానం. తప్పిపోయినట్టు ఎవరికీ తెలియకుండా ఒక మనిషిని మాయం చేశారంటే అది చేయి తిరిగిన హంతకుడి పని."

అతను భూతద్దం తీసి అంచు గోడ వెంబడి పాకాడు. కాసేపటికి అరచేతిలో ఒక పన్ను పెట్టుకుని వచ్చాడు.

"హతుడి పన్ను."

"శనివారం ఆటలోది" అంది విల్మా. "కౌంటర్ కింద పళ్ల డబ్బా ఉంది, అందులో పడెయ్యి."

"మరి ఈ ఎర్ర వెంట్రుక? ఈ మెరుపు కాగితం ముక్క? పెళ్లిళ్లలో చల్లేదే కదా ఇది. అంటే హతుడిది ఎర్ర జుట్టు, గట్టి పన్ను, పైగా పెళ్లయినవాడు."

"విల్మా, అతనికి చెప్పు" అన్నాడు గోర్డ్. "ఆ వెంట్రుక పశువుల సంతలోది. అతను వెతికేది పెళ్లయిన ఆవుని."

బయట కారు ఆగింది. మెడకి మఫ్లరు చుట్టుకున్న సన్నపాటి మనిషి లోపలికొచ్చాడు. "నా పేరు డెస్మండ్ క్విల్. ఇన్‌స్పెక్టర్‌ని."

"రండి సార్, చలిలో వచ్చారు. ముందు వేడివేడిగా రెండు పిరొగీలు తినండి" అంటూ విల్మా కొట్లోంచి పళ్లెం అందుకుని అడ్డం వెళ్లింది. ఆ రెండు నిమిషాల్లో గోర్డ్ బొడిపె గీకేస్తాడని ఆమె ఆశ. కానీ ఇన్‌స్పెక్టర్ అన్న మాట చెవిన పడగానే ఓరెస్ట్ పరుగున వచ్చాడు.

"నేను పిలవకముందే వచ్చారు. పోలీసంటే అలా ఉండాలి. పదండి, చూపిస్తాను."

"పోలీసా? నేను కప్పు చూడ్డానికి వచ్చానండీ."

"కప్పు ఎక్కడికీ పోదు, అద్దాల బీరువాలో ఉంది. ముందు శవాన్ని చూడండి."

"ఆ కప్పు కాదు" అని క్విల్ పైకి వేలు చూపించాడు. సరిగ్గా ఆ వేలి మీదే టప్పున ఒక ఎర్ర చుక్క పడింది.

క్విల్ వేలిని వెలుతురులో తిప్పి చూసుకున్నాడు. "తుప్పు. క్షమించాలమ్మా, ఇంత పాత కప్పు కింద పిల్లల్ని ఆడనివ్వలేను."

విల్మా పిరొగీల పళ్లెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. గోర్డ్ తల దించుకున్నాడు.

"తుప్పు కాదంటుంటే" అన్నాడు ఓరెస్ట్. అంచు గోడకి ఆనించిన హాకీ కర్ర అందుకుని, జేబులోంచి ఆటకి వాడే నల్ల రబ్బరు బిళ్ల తీసి మంచు మీద పెట్టాడు. "హంతకుడు ఇక్కడ నిలబడ్డాడు. హతుడు అదిగో, ఆ గోల్ ముందు. ఇలా గురి చూసి, నేరుగా…"

కర్ర ఊపాడు. బూటు జారింది. ఎదురుగా గుమ్మమంత గోల్ ఉంది, బిళ్ల మాత్రం ఆకాశం వైపు లేచింది. పైన చెక్క దూలానికి ఢమాలున తగిలింది. రింకంతా మోగింది. మరుక్షణం నల్లగా, బొచ్చుగా ఏదో వచ్చి క్విల్ పాదాల దగ్గర ధబ్బున పడింది.

"తల" అన్నాడు ఓరెస్ట్ వెల్లకిలా పడుకునే. "తల తెగిపడింది."

గోర్డ్ వంగి దాన్ని ఎత్తాడు. చెవులు కప్పే బొచ్చు టోపీ. పైనంతా కరుగుతున్న నూగుమంచు, లోపల ఎర్ర ఉన్ని గుడ్డ. విల్మా పిండి చూస్తే వేళ్ల సందుల్లోంచి ఎర్రనీళ్లు కారాయి.

క్విల్ తలెత్తి చాలాసేపు చూశాడు. ఇంకో చుక్క పడలేదు. నిచ్చెన ఎక్కాడు, దూలం తడిమాడు, రేకులు తట్టాడు, దిగి వచ్చాడు.

"పైన అంతా పొడిగా ఉంది. మెట్ల పైన వేలాడే ఆ వేడి దీపాలు ఎప్పుడు పెట్టారు?"

"ఈ చలికాలమే సార్, మెట్ల మీద కూర్చునే ముసలివాళ్ల కోసం" అంది విల్మా.

"అదీ సంగతి. ఏటా చలికాలమంతా గడ్డకట్టి ఉండే టోపీ, ఈసారి ఆ వేడి పైకి చేరేసరికి కరిగి కారింది. కప్పుకి ఏ లోపమూ లేదు. ఆడించుకోండి." అప్పుడు పళ్లెం వైపు చూశాడు. "ఇవి ఇంకా వేడిగానే ఉన్నాయా?"

విల్మా పళ్లెం మొత్తం అతని చేతుల్లో పెట్టేసింది. ఆ తర్వాత టోపీ అంచు మడత విప్పింది. తెల్ల దారంతో పేరు కుట్టి ఉంది. పైకి చదివింది. "ఓరెస్ట్ హ్నాటిక్."

క్విల్ ఇంకో పిరొగీ నోట్లో వేసుకున్నాడు.

"విల్మా" అన్నాడు ఓరెస్ట్ మెల్లగా, "మా అమ్మ చేతి కుట్టు అది." ఈసారి తల గోర్డ్ వైపు తిప్పాడు. "పై వరస మెట్ల మీద నిలబడి విసిరాను రా. ఆ మూడో గోల్ అంత బాగుంది మరి."

"ఇన్నేళ్లూ నన్ను దొంగ అన్నది నాకోసం విసిరిన టోపీ గురించా?" అన్నాడు గోర్డ్. కోపంగా అనబోయాడు, మధ్యలోనే నవ్వొచ్చేసింది. చెయ్యిచ్చి ఓరెస్ట్‌ని లేపాడు.

"ఇంతకీ దొంగ సంగతేం చేశావు?" అంది విల్మా.

"దొరికాడు" అన్నాడు ఓరెస్ట్, టోపీ నెత్తిన పెట్టుకుంటూ. ఎర్రనీళ్లు నుదుటి మీదుగా కారి ముక్కు చివర నిలిచాయి. "వయసు చూసి వదిలేశాను. ఒకే దెబ్బకి రెండు కేసులు తేల్చాను, చూశావా? గురి అంటే అదీ."

"నువ్వు గురిపెట్టింది గోల్‌కి."

"డిటెక్టివ్ ఎటు గురిపెట్టాడో ఎవరికీ తెలియకూడదు."

క్విల్ ఖాళీ పళ్లెం ఇచ్చి వెళ్లిపోయాడు. కారు చప్పుడు దూరమయ్యాక ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. రింకు ఉంది. శనివారం ఆట ఉంది. ఓరెస్ట్‌కి సంతోషం పట్టలేదు. నెత్తి మీది టోపీ తీసి, ఆనాటి గోల్ ఇప్పుడే పడ్డట్టు బలమంతా పెట్టి పైకి విసిరాడు.

ముగ్గురూ తలలెత్తి చూశారు. చాలాసేపు చూశారు.

గోర్డ్ నిచ్చెన కోసం వెళ్లాడు. విల్మా బకెట్టు కోసం వెళ్లింది.