మామగారి గాలానికి పడిన పురి

ఆదివారం ఉదయానికి దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, పదింటికి మామగారు రాగానే ఆయన వెంట చెరువుకు వెళ్ళి చేపలు పట్టాలి. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఎవరైనా అనుకుంటారు. దర్జీ కూడా అలాగే అనుకున్నాడు పాపం.

మామగారు రిటైరైన స్టేషన్ మాస్టరు. మాట పొదుపు, మీసం ధారాళం. ప్రతి ఆదివారం గాలం పట్టుకుని ఒంటరిగా చెరువుకు వెళ్తారు, ఎవరినీ వెంట రానివ్వరు. కూతుర్నిచ్చారు గానీ మనసిచ్చి నాలుగు ముక్కలు మాట్లాడింది లేదని దర్జీకి పెళ్ళయిన నాటి నుంచీ లోలోపల బాధ. అలాంటిది మొన్న ఆయనే కొట్టుకు వచ్చి, గాలపు కర్రనూ, దానికి బిగించిన రీలునూ, కొత్త నైలాన్ దారం కండెనూ కత్తెర పక్కన పెట్టి, "దీనికి దారం చుట్టి పెట్టు. ఆదివారం నువ్వూ రా" అన్నారు. ఆ సంతోషంలో దర్జీ ఒక చొక్కాకు రెండు కాలర్లు కుట్టి, ఒకటి విప్పుకోవాల్సి వచ్చింది.

దారం చుట్టడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. కండెను కుట్టుమిషను మీదున్న పుల్లకు గుచ్చాడు. అది గిరగిర తిరుగుతుంటే రీలు పిడి తిప్పుతూ, బాబిన్ చుట్టినంత నున్నగా అంచుదాకా నింపేశాడు. తన పనితనం చూసుకుని తనే మురిసిపోయాడు.

తీరా ఆదివారం పొద్దున, ఎందుకైనా మంచిదని, రీలు మీద దారాన్ని పట్టి ఉంచే వంపు కమ్మీని ఎత్తి కాస్త దారం వదిలాడు. అంతే, అది చుట్టలు చుట్టలుగా లేచి, తనలో తానే పెనవేసుకుని ఉండ కట్టింది. లాగితే బిగుసుకుంది. వదిలితే ఇంకో ఉండ కట్టింది.

"ఏమండీ, అది దారమా, పిచ్చుక గూడా?" అంది వంటింట్లోంచి తొంగిచూసిన భార్య.

"నన్ను కాసేపు మాట్లాడించకు."

"మాట్లాడించను. గడియారం తప్పినా మా నాన్న తప్పరని గుర్తుచేస్తున్నాను, అంతే."

దర్జీ గాలాల కొట్టతనికి ఫోన్ చేశాడు.

"కండెను నేల మీద పడుకోబెట్టి చుట్టారా, పుల్లకు గుచ్చి తిప్పారా?" అని అడిగాడు కొట్టతను.

"పుల్లకే గుచ్చానండీ. ఇన్నేళ్ళుగా అలాగేగా చుడుతున్నాను."

"మీ మిషను వేరు, ఈ రీలు వేరు. ఇందులో దారం ఎక్కే గిన్నె తిరగదు, కమ్మీ దాని చుట్టూ తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ దారానికి ఒక పురి ఎక్కుతుంది. కండెను పడుకోబెడితే చుట్టలుగా ఊడొచ్చే దారం ఆ పురిని సరిచేసేస్తుంది. అప్పటికీ పురి కనబడితే కండెను బోర్లించాలి."

"జరిగిందేదో జరిగింది. ఇప్పుడేం చెయ్యను?"

"చివర గాలం గానీ బరువు గానీ కట్టకుండా దారమంతా వదిలి, ఈడ్చుకుంటూ నడవండి. దొర్లుకుంటూ అదే విప్పుకుంటుంది. తర్వాత రెండు వేళ్ళతో బిగించి పట్టుకుని చుట్టండి, అంచుదాకా నింపకండి. ఇంకో మాట, కమ్మీని చేత్తోనే మూయాలి, పిడి తిప్పి మూయకూడదు. అవతల ఏదైనా లాగుతూ రీలు కర్రుమంటుంటే పిడి జోలికే వెళ్ళకూడదు. ఏది చేసినా మళ్ళీ పురే."

దర్జీ ఇంటి ముందు వీధి పొడుగ్గానే ఉంది. కాకపోతే ఇరుకు. ఎదురుగా బేకరీ ఆయన బల్లలు, పక్కింటి టీచరమ్మ పూలకుండీలు, ఆపైన వీధి సంఘం అధ్యక్షుడి ఇంటి మెట్లు, ఎవరికి తోచినంత వాళ్ళు రోడ్డు మీదికి జరిపారు. దర్జీ దారం చివర భార్య చేతికిచ్చి, కర్ర పట్టుకుని వదులుతూ నడిచాడు. కంటికి కనబడని దారాన్ని ఎవరూ తొక్కకుండా, అది పడ్డచోటల్లా చెవి మీదున్న సుద్దముక్క తీసి గీతలు పెట్టాడు. మెడలో కొలత టేపు ఎలాగూ ఉంది, స్నానానికి తప్ప అతను దాన్ని తీయడు. వీధి చివర చేరి, దారం కొస వదిలెయ్యమని భార్యకు సైగ చేసి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి దారం పొడుగునా చూశాడు.

సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు పేపరు కోసం బయటికొచ్చాడు.

"ఏం మాస్టారూ, ఏమిటీ గీతలు?"

"తర్వాత చెప్తానండీ. పదింటికి పెద్దాయన వచ్చేస్తారు. ఆయన వచ్చేసరికి ఈ పని అయిపోవాలి" అన్నాడు దర్జీ తల తిప్పకుండానే.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అధ్యక్షుడు వెనక్కి తిరిగి తన మెట్లు చూసుకున్నాడు. గీత వాటి పక్కనుంచే వెళ్తోంది. టేపు, సుద్ద, పదింటికి వచ్చే పెద్దాయన. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, సందేహం లేదు. కొలతలు తెలిసినవాడని దర్జీని ముందు పంపారన్నమాట. ఆయన గబగబా టీచరమ్మ తలుపు తట్టాడు. టీచరమ్మ బేకరీ ఆయనకు చెప్పింది. బేకరీ ఆయన రొట్టెతో పాటు ఈ కబురు కూడా అందరికీ చుట్టి ఇచ్చాడు.

ఘడియలో వీధి రూపం మారిపోయింది. కుండీలు లోపలికెళ్ళాయి. బల్లలు గోడెక్కాయి. అధ్యక్షుడైతే ఉన్న మర్యాద పోకముందే చూసుకుందామని గునపం తెచ్చి, తన మెట్టు తనే పగలగొట్టుకున్నాడు. దర్జీకి ఇదంతా చూసి కళ్ళు చెమర్చాయి. తన దారానికి అడ్డం రాకూడదని ఇంతమంది ఇంత శ్రమపడుతున్నారు. ఇలాంటి ఇరుగుపొరుగు ఎవరికి దొరుకుతారు? బేకరీ ఆయన వేడి బన్నులు తెచ్చిపెట్టాడు. టీచరమ్మ టీ ఇచ్చి, "మా వైపు కొంచెం చూసీచూడనట్టు పోనివ్వు నాయనా" అంది. ఆవిడ దేని గురించి అంటోందో తెలియకపోయినా దర్జీ తప్పకుండా అన్నాడు.

పురి కూడా చక్కగా విప్పుకుంటోంది. ఇక ఒక్కసారి ఈడ్చి చుట్టేస్తే పనైపోతుందనగా, అధ్యక్షుడి మెట్టు రాళ్ళు ఎత్తుకుని ఒక తోపుడు బండి బయల్దేరింది. రోడ్డు మీద పడున్న దారం చివర దాని చక్రం ఇరుసుకు చుట్టుకుంది. రీలు కర్రుమంది.

మామూలు మనిషైతే పిడి తిప్పి వెనక్కి లాగేవాడు. దర్జీ కొట్టతని మాట జవదాటలేదు. పిడి ముట్టకుండా, కర్ర నిటారుగా పట్టుకుని బండి వెనక పరుగెత్తాడు. బండి పక్కవీధిలోకి తిరిగింది, దర్జీ తిరిగాడు. గీత పక్కవీధిలోకి కూడా పోతోందని అధ్యక్షుడు కేకేశాడు. మా వీధికే కాదు కదా అన్న తృప్తితో జనమంతా వెంటపడ్డారు, టీచరమ్మ చంకలో కుండీతో సహా. పక్కవీధి వాళ్ళు ఏమిటని అడిగి, సమాధానం పూర్తిగా వినకుండానే అరుగుల మీది సామాను లోపలికి మోయసాగారు.

బండి అతను చెమట తుడుచుకోవడానికి ఆగబట్టి సరిపోయింది. దర్జీ ఇరుసు చుట్టూ ఉన్న దారం విప్పి, రెండు వేళ్ళతో బిగించి, బన్ను నోట్లో ఉంచుకునే చుట్టడం పూర్తిచేసి తలెత్తాడు. ఎదురుగా ఖాకీ టోపీ, చంకలో గాలపు కర్రలు దాచుకునే పొడుగాటి రేకు గొట్టం, మీసం. పదయింది.

అధ్యక్షుడు ఆ గొట్టం చూసి, అందులో ఊరి నక్షా ఉందనుకుని, చేతులు జోడించాడు. "సార్, తమరు చెప్పకముందే మా మెట్టు తీసేశాను."

"ఎందుకు?" అన్నారు మామగారు.

"రోడ్డు కోసమని..."

"నేను చేపలు పట్టడానికి వచ్చాను. ఇతను మా అల్లుడు."

అందరూ ఒక్కసారే మాట్లాడారు. తిన్న బన్నులు కక్కమని ఒకరు, మెట్టు కట్టించమని ఒకరు దర్జీ మీద పడ్డారు. అతనికి వాళ్ళ కేకలు వినబడనేలేదు. మామగారి ముఖమే చూస్తున్నాడు. ఇన్నేళ్ళకు వచ్చిన ఒక్క పిలుపు ఇలా వీధిపాలైంది.

మామగారు చెయ్యెత్తారు. రైలు ఆపిన చెయ్యి, జనం ఆగారు.

"ఆ మెట్టు మీ స్థలంలో ఉందా, రోడ్డు మీద ఉందా?"

"రోడ్డు మీదే" అన్నాడు అధ్యక్షుడు.

"మరి గొడవ దేనికి?"

ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు.

మామగారు రీలు అందుకుని కొంచెం దారం వదిలి చూశారు. ఒక్క మెలిక లేకుండా తిన్నగా వేలాడింది. ఆయన తల పంకించి, అలవాటుగా పిడి తిప్పి కమ్మీ మూయబోయారు.

"మామగారూ, అలా కాదండీ" అనేశాడు దర్జీ. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ, పెదవి దాటాక ఏం లాభం? "చేత్తో మూయాలట. పిడితో మూస్తే ప్రతిసారీ పురి పడుతుందట."

మామగారు పిడి మీంచి చెయ్యి తీశారు.

"ప్రతిసారీనా?"

"అవునండీ."

"నేను చెరువు దగ్గర ఏం చేస్తాననుకుంటున్నావు అల్లుడూ? పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా చిక్కులు తీసుకుంటాను. అది ఎవరైనా చూస్తే నామోషీ అని ఒక్కణ్ణే పోతుంటాను. నువ్వు దారంతో బతికే మనిషివి, నవ్వవనిపించి పిలిచాను" అన్నారు. ఆ ముక్కలు ఆయన తన కూతురితో కూడా ఎన్నడూ అనలేదు. దర్జీకి ఆ క్షణంలో అధ్యక్షుడి రెండో మెట్టు కూడా తనే పగలగొట్టగలననిపించింది.

ఆ రోజు చెరువు గట్టున దారం ఒక్కసారీ పురి పడలేదు. విప్పడానికి చిక్కులు లేక చేతులు ఖాళీ అయిన మామగారు, తను జెండా ఊపిన మొదటి రైలు దగ్గర మొదలుపెట్టి, పొద్దుగూకేదాకా గొంతెత్తి కబుర్లు చెబుతూనే ఉన్నారు.

చేపలన్నీ అవతలి గట్టుకు వెళ్ళిపోయాయి.